ముద్దాకుకి మూడు పూటలా నీళ్లు

మనిషి మొదటి విత్తనం నాటిన రోజున వ్యవసాయం పుట్టింది. ఆ విత్తనానికి నీళ్లు పోసినట్టు పక్కవాడు సంతకం పెట్టిన రోజున పరిపాలన పుట్టింది. రెంటిలో ఏది గొప్పదని అడిగితే చిరునామా మార్పుల కార్యాలయంలో ఎవరూ తడుముకోరు. విత్తనం మొలవకపోయినా సంతకం నిలుస్తుంది.

ఈ కార్యాలయం తెలియనివాళ్లు ఉండరు, ఎందుకంటే ఇల్లు మారనివాళ్లు ఉండరు. ఇల్లు మారినవాడు కొత్త చిరునామా నమోదు చేయించుకోవాలంటే ఇక్కడికే రావాలి. వచ్చేటప్పుడు తాను కొత్త ఇంట్లో ఉంటున్నట్టు ఆధారం తేవాలి. ఆ ఆధారం కొత్త చిరునామా నమోదైనవాళ్లకే ఇస్తారు. (ఇదెలా కుదురుతుందని అడిగేవాళ్ల కోసం ఏడో కౌంటరు పెట్టారు. అది మూసి ఉంటుంది.)

ఆ హాల్లో అన్నిటికంటే చివర, రెండు ఇనప బీరువాల వెనక, కిటికీ పక్కన కూర్చునే ఉద్యోగినిని అందరూ కొత్తమ్మాయి అంటారు. చెవుల పక్కన జుట్టు నెరిసింది. ఆమె తర్వాత చేరిన ఒకాయన పదవీ విరమణ సభలో కన్నీళ్లు పెట్టుకుని, పూలగుత్తి పట్టుకుని వెళ్లిపోయి చాలాకాలమైంది. అయినా ఆమె కొత్తమ్మాయే, ఎందుకంటే ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా ఒక సాయంత్రం ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తారు. మర్నాడు ఇంట్లో కూర్చోబెడతారు. ఆ మర్నాడు ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూసి, పేరడిగి, మళ్లీ చేర్చుకుంటారు. మధ్యలో దొరికిన ఆ ఒక్క రోజున ఆమె ఇల్లంతా బూజు దులుపుతుంది.

పర్మినెంటు అయితే ఏమొస్తుందని ఆమెను ఎవరైనా అడిగితే ఒకటే జవాబు: హెల్త్ కార్డు. ఆమె అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. చేతి నుంచి పెట్టుకుని ఆపరేషన్ చేయించే స్తోమత ఇంట్లో లేదు. "కార్డు రానీ, చేయిద్దాం" అన్నది ఆ ఇంట్లో ఎప్పుడో జరిగిపోయిన తీర్మానం. ఈలోగా అత్తగారు మనుషుల్ని అడుగుల చప్పుడుని బట్టి, కూరల్ని వాసనని బట్టి గుర్తుపడుతూ రోజులు నెట్టుకొస్తోంది. ఆవిడ ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. అడగకపోవడమే కోడలికి ఎక్కువ బాధగా ఉండేది.

ఇలా ఉండగా హరిత సౌఖ్య విభాగం వారు హరిత మేజా పథకం ప్రకటించారు. ఉద్యోగుల మానసిక ప్రశాంతత నిమిత్తం ప్రతి మేజా మీదా ఒక మొక్క ఉండవలెను అన్నది దాని సారాంశం. అరచేతిలో ఇమిడే కుండీలో, దళసరి ఆకులు ఒకదాని మీద ఒకటి గులాబీ రేకుల్లా పేర్చుకున్న మొక్కలు రకరకాలవి, పచ్చవీ ఊదావీ చారలవీ ముళ్లవీ, వచ్చాయి. సక్యులెంట్లు అని వాటి పేరు. నోరు తిరగక, మొదటి రోజు సాయంత్రానికే ఆఫీసంతా వాటిని ముద్దాకులు అనేసింది.

వాటితో పాటు నిబంధనలూ వచ్చాయి. మొక్కకు మూడు పూటలా నీళ్లు పోయవలెను. పోసినవాడు, పోయగా చూచినవాడు, చూచినట్టు ధ్రువీకరించినవాడు వేర్వేరుగా సంతకాలు చేయవలెను. మొక్కతో అనవసర సంభాషణ చేయరాదు. రాలిన ఆకును కవరులో పెట్టి సీలు వేసి విభాగానికి పంపవలెను. ఇక చిట్టచివర, చిన్న అక్షరాల్లో: తనిఖీ నాటికి ఎవరి మొక్క సజీవముగా, నిండుగా ఉండునో, అట్టి కాంట్రాక్టు ఉద్యోగుల సర్వీసును క్రమబద్ధీకరించుటకు పరిశీలించెదరు.

కొత్తమ్మాయి ఆ చివరి వాక్యాన్ని వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదువుకుంది.  తన కుండీని కిటికీ దగ్గరికి జరిపి, దాని మీద ఈగ వాలితే విసనకర్రతో తోలింది.

నీళ్లు పోసే బాధ్యత అటెండరుకి అప్పగించారు. ఆయన కూజా నింపుకుని సూపరింటెండెంటు మేజాతో మొదలుపెట్టేవాడు. హోదాని బట్టి ధార. బీరువాల దాకా వచ్చేసరికి కూజా ఖాళీ. మళ్లీ కుళాయి దాకా వెళ్లడం ఎందుకని ఆమె మొక్క తాలూకు మూడు సంతకాలూ తనే పెట్టి వెళ్లిపోయేవాడు. ఆమె మొదట్లో హడలిపోయింది. తర్వాత గమనించింది: ఆ మొక్క ఎండలో, ఎండిన మట్టిలో, ఎవరూ పట్టించుకోకుండా రోజురోజుకీ నిగనిగలాడుతోంది. మట్టి బాగా పొడిబారాక, గుర్తొచ్చినప్పుడు ఆమె ఒక గుక్కెడు పోసేది. అంతే.

మిగతా మేజాల మీద ముద్దాకులు రంగు పోయి, గాజులా మారి, మెత్తబడి, ముట్టుకుంటే చితికి నీరు కారడం మొదలైంది. కమిటీ కూర్చుంది. ఆకుల నుంచి నీరు బయటికి పోతోంది కాబట్టి లోపల నీటి లోటు ఏర్పడిందని, ఆ లోటు భర్తీకి నాలుగో పూట కూడా నీళ్లు పోయాలని తీర్మానించింది. (అభ్యంతరం ఉన్నవాళ్లు ఏడో కౌంటరులో చెప్పుకోవచ్చు.)

ఒకరోజు అర్జీల కట్ట తగిలి కొత్తమ్మాయి మొక్క నుంచి ఒక ఆకు ఊడింది. నిబంధన ప్రకారం కవరు కావాలి. కవరు ఇవ్వాలంటే స్టోర్సువాళ్లకి పర్మినెంటు ఉద్యోగి సంతకం కావాలి. ఇంత చిన్న ఆకు కోసం ఎవర్ని బతిమాలతాంలే అని ఆమె దాన్ని లంచ్ బాక్స్ మూతలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి, వంటింటి కిటికీలో ఒక సాసర్లో ఉంచి, ఆ సంగతే మర్చిపోయింది.

ముద్దాకుల పెంపకంలో మర్చిపోవడం సగం పని. ఒకనాడు ఆమె గిన్నెలు కడుగుతూ తలెత్తి చూస్తే, ఆకు మొదలు దగ్గర గులాబీ రంగు దారాల్లాంటి వేళ్లు, వాటి పక్కనే మిరియపు గింజంత మొక్క. అంత బుల్లి మొక్కకీ ఆకులన్నీ పొందిగ్గా ఉన్నాయి. చేతిలో గిన్నె అలాగే వదిలేసి, "అత్తయ్యా!" అని కేకేసింది. ఈమధ్య కాలంలో ఆమెకి దేనికీ అంత సంతోషం కలగలేదు.

"ఏమైందే, పాలు పొంగాయా?"

"పాలు కాదత్తయ్యా. ఆకు పిల్లని పెట్టింది."

అత్తగారు సాసర్ని ముక్కు దాకా తెచ్చుకుని, కళ్లు చికిలించి, లాభం లేక వేలికొసతో తడిమి చూసింది. "ఆకుకి మొక్క పుట్టడమేమిటే? ఇది మొక్కా, బల్లి తోకా?"

"చూడండి, మట్టి లేదు, నీళ్లు లేవు. ఎవరూ ఏమీ చెయ్యలేదు."

"మీ ఆఫీసులోనూ ఎవరూ ఏమీ చెయ్యరు కదా, అక్కడేమీ పుట్టదేం?" అంది అత్తగారు.

తనిఖీ ఖరారైంది. సరిగ్గా ఆ వారమే సూపరింటెండెంటు గారి ముద్దాకు కుండీలోకి పూర్తిగా జారిపోయింది. (ఆయన ప్రేమ కొద్దీ రోజూ మిగిలిన టీ కూడా దానికే పోసేవారు.) ఆయన అటూ ఇటూ చూసి, ఎన్నడూ రాని బీరువాల వెనక్కి వచ్చారు.

"ఓహో, ఇక్కడో కిటికీ ఉందా!"

"ఉందండీ."

"నీ మొక్క భలే ఉందే కొత్తమ్మాయ్. ఏం పోస్తున్నావ్?"

"ఏమీ పోయట్లేదండీ."

"ష్! గట్టిగా అనకు. నాలుగు పూటలా సంతకాలున్నాయి." ఆయన గొంతు తగ్గించారు. "ఇంటి దగ్గర పిల్లమొక్క ఉందని టైపిస్టుతో అన్నావట కదా. నాకిచ్చెయ్యి తల్లీ. నీ ఫైలు నా మేజా మీదే ఉంది. నేను రాస్తేనే కదా అది కదిలేది!"

ఆ మొదటి పిల్లని ఇవ్వడానికి ఆమెకి ప్రాణం ఒప్పలేదు. దానికి ఒక మంచి కుండీ కూడా చూసిపెట్టుకుంది. అయినా కార్డు గుర్తొచ్చింది. సాసర్తో సహా తెచ్చి ఇచ్చింది.

మర్నాడు టైపిస్టు వచ్చింది, సూపరింటెండెంటు రాసేది తనే టైపు చెయ్యాలి కాబట్టి. ఆ మధ్యాహ్నం అకౌంటెంటు వచ్చాడు, టైపు చేసినదాన్ని తను సరిచూడాలి కాబట్టి. సరిచూసినదాన్ని మోసుకెళ్లాల్సినవాడు, దాని మీద ముద్ర వెయ్యాల్సినవాడు, ముద్ర ఎక్కడుందో తెలిసినవాడు వరుసగా వచ్చారు. ఆమె ఫైలు ఎన్ని చేతులు మారాలో అన్ని మొక్కలు కావలసొచ్చాయి. మొక్కలకి ఆకులు కావాలి. ఆకులు ఆమె మేజా మీద మొక్కకి తప్ప ఇంకెక్కడా లేవు.

అంచేత రోజూ కొన్ని ఆకులు ఇంటికి చేరేవి. అక్కడ పని పద్ధతిగా సాగింది. ఆకుని లాగకూడదు. మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదిపితే మొదలంటా ఊడి రావాలి, సగానికి తెగితే మొలవదు. ఊడిన ఆకుని నీడపట్టున ఆరబెట్టాలి. గాయం పెచ్చు కట్టాక ఇసుక కలిపిన పొడి మట్టి మీద పడుకోబెట్టాలి, పాతిపెట్టకూడదు. వేళ్లు కనపడ్డాకే నాలుగు చుక్కలు చిలకరించాలి. పిల్ల పెరిగేకొద్దీ తల్లి ఆకు తనలోని నీరంతా దానికి తాగించి, ముడతలు పడి, చివరికి ఎండు పొరలా రాలిపోతుంది. (తల్లి ఆకుకి పింఛను నిబంధన ఏదీ లేదు.)

ఇదంతా నెలల మీద జరిగే పని. తనిఖీ వాయిదా పడింది. మళ్లీ పడింది. ముద్దాకు ఎదిగే వేగం, ఆఫీసు నడిచే వేగం ఇంచుమించు ఒకటే కావడం అందరి అదృష్టం.

ఇంట్లో మాత్రం సాసర్లు అయిపోయాయి. కప్పులు అయిపోయాయి.

"అమ్మాయ్, కాఫీలో ఇసుక తగులుతోందేమిటే?"

"అయ్యో, అది మీ కప్పు కాదత్తయ్యా! అకౌంటెంటు గారిది."

రాత్రి డ్యూటీ చేసి పగలంతా నిద్రపోయే భర్త, సాయంత్రం లేచి బయల్దేరబోతూ ఇల్లంతా వెతికాడు. "నా హెల్మెట్ ఏదీ?"

"అందులో టైపిస్టు గారి ఆకులు ఆరుతున్నాయి."

"మరి నేనేం పెట్టుకోను?"

"కాస్త మెల్లగా నడపండి."

ఆయన మంచివాడు. మెల్లగానే వెళ్లాడు. అత్తగారు మాత్రం గుమ్మంలో కూర్చుని, కోడలి అలికిడి వింటూ ఒకమాట అంది. "ఊరందరికీ పంచిపెడుతున్నావు, బాగానే ఉంది. నీ మొక్కకి ఆకులు మిగిలాయా?"

కోడలు ఇంకో ఆకుని ఇసుక మట్టి మీద పడుకోబెట్టింది. ఆఫీసులో ఆ మొక్కకి మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎట్టకేలకు తనిఖీ రోజు వచ్చింది. హరిత సౌఖ్య విభాగం డిప్యూటీ డైరెక్టరు గారు ఆకు మందం కొలిచే పరికరంతో దిగారు. ఏ మేజా మీద చూసినా ముద్దాకు బొద్దుగా, నిండుగా, కూర్చోబెట్టిన పసిబిడ్డలా ఉంది. ఆయన కొలిచి కొలిచి మురిసిపోయారు. చివరికి బీరువాల వెనక్కి వచ్చారు. అక్కడ కుండీలో ఒక వంకర కాడ, దాని కొసన పిలకలాగా నాలుగు ఆకులు.

"ఏమిటిది?"

"మొక్కండీ."

"దీని ఆకులేవి?"

ఆమెకి అబద్ధం తట్టలేదు. హాలంతా ఒకసారి కలియజూసి, "వాళ్ల మేజాల మీద ఉన్నాయండీ" అంది.

 సూపరింటెండెంటు గారు లేచి నిలబడ్డారు. "మాకేం తెలీదండీ. ఇవి మేం నాలుగు పూటలా నీళ్లు పోసి, కన్నబిడ్డల్లా పెంచుకున్నవి. సంతకాలు చూసుకోండి."

డిప్యూటీ గారు చూసుకున్నారు. సంతకాల్లో లోటు లేదు. అయితే ఆయన తెలివైన మనిషి. "మేం పంపినవాటిలో ఊదా రంగువి ఉన్నాయి, చారలవి ఉన్నాయి, ముళ్లవి కూడా ఉన్నాయి. ఇప్పుడన్నీ ఒకటే రకం ఎలా అయ్యాయి?"

"ఒకేచోట పనిచేస్తే ఒకళ్ల బుద్ధులు ఒకళ్లకి అబ్బుతాయి కదండీ" అంది టైపిస్టు.

ఆ వివరణని డిప్యూటీ గారు రాసుకున్నారు గానీ, దానితో తృప్తిపడలేదు. కొత్తమ్మాయిని గుచ్చి గుచ్చి అడగ్గా కాసేపట్లో అసలు విషయం బయటపడింది. ఊళ్లో ఎవరు మకాం మార్చినా ముక్కుపిండి ఆధారాలు అడిగే ఈ కార్యాలయంలోకే, ఇన్ని మొక్కలు ఒక ఇంటి కిటికీ నుంచి చిరునామా మార్పు లేకుండా వచ్చి కూర్చున్నాయి. ఇది చిన్న విషయం కాదు. పుట్టిన చోటుని స్వయంగా పరిశీలించాలని నిర్ణయించారు.

విచారణ బృందం ఆమె ఇంటికి వచ్చింది: డిప్యూటీ గారు, సూపరింటెండెంటు గారు, వెనకాల కూజాతో అటెండరు. లోపల భర్త గురక పెడుతున్నాడు.

"ఎవరే బూట్లవాళ్లు?" అంది అత్తగారు.

"ఆఫీసువాళ్లత్తయ్యా."

డిప్యూటీ గారు వంటింట్లోకి వెళ్లి కిటికీని, కప్పుల్ని, హెల్మెట్ని చూశారు. "ఈ మొక్కలు ఇక్కడే పుట్టాయనడానికి సాక్ష్యం?"

"నేనున్నాను కదా బాబూ సాక్ష్యం. అన్నాళ్లూ ఇసుక కాఫీ తాగింది నేనే" అంది అత్తగారు.

"మీరు కళ్లారా చూశారా అమ్మా?"

"చూడ్డానికి కళ్లు కనపడాలిగా నాయనా. మా అమ్మాయికి ఆ కార్డేదో ఇప్పించండి, ఆపరేషన్ చేయించుకుని, చూసి చెప్తాను."

కొత్తమ్మాయి తలవంచుకుంది. ఇన్నేళ్లలో అత్తగారు కార్డు మాటెత్తడం అదే మొదటిసారి. డిప్యూటీ గారు కలం తీసి, 'ప్రత్యక్ష సాక్షి చూపు కార్డు నిమిత్తం పెండింగులో ఉన్నది' అని రాసుకున్నారు.

ఈలోగా అటెండరు కిటికీలో పొడి మట్టి చూశాడు. అలవాటు కొద్దీ కూజా ఎత్తాడు.

"వద్దు! పోయకండి!" కొత్తమ్మాయి ఒక్క ఉదుటున అడ్డం వెళ్లింది. ఆమె గొంతు అంత పెద్దదని అక్కడ ఎవరికీ తెలియదు. గురక కూడా ఆగింది. "మీకు చేతులెత్తి దణ్ణం పెడతాను. మా ఇంట్లోనైనా వాటిని బతకనివ్వండి."

నీళ్లు పోయనివ్వకపోవడం విధులకు ఆటంకం కిందికి వస్తుంది. పోస్తే సాక్ష్యాలు కుళ్లిపోతాయి. డిప్యూటీ గారు ఆలోచించి మధ్యేమార్గం చెప్పారు. అటెండరు నీళ్లు పోయకుండా సంతకాలు మాత్రం పెట్టాడు. చట్టానికీ మొక్కలకీ ఒకేసారి న్యాయం జరగడం ఆ శాఖ చరిత్రలో అదే మొదలు.

కొన్నాళ్లకి ఉత్తర్వులు వచ్చాయి. సూపరింటెండెంటు గారు అందర్నీ హాల్లో నిలబెట్టారు. డిప్యూటీ గారు కూడా వచ్చారు. 'క్రమబద్ధీకరణ' అన్న మాట వినపడగానే కొత్తమ్మాయి పక్కనున్న బీరువాని పట్టుకుంది. అప్పుడే మనసులో అత్తగారిని రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్తోంది.

ఉత్తర్వు సారాంశం ఇది. మేజాల మీది ముద్దాకులు తనిఖీ నాటి నుంచి ఒక్కరోజు కూడా విరామం లేకుండా విధుల్లో ఉన్నాయి. ఆలస్యంగా రాలేదు, ముందుగా వెళ్లలేదు, ప్రజల మీద విసుక్కోలేదు. కాబట్టి వాటన్నిటి సర్వీసునీ క్రమబద్ధీకరించడమైనది. ప్రతి మొక్కకీ గుర్తింపు సంఖ్య, హెల్త్ కార్డు మంజూరు. బీరువాల వెనకనున్న మొక్క ఆకులు కోల్పోయిన తీరు నిర్లక్ష్యం కిందికి వస్తుంది. అయినా సదరు ఉద్యోగినికి ముద్దాకుల పెంపకంలో ఉన్న అనుభవం దృష్ట్యా, పర్మినెంటు మొక్కల ఆలనాపాలనా చూసేందుకు ఆమెను కాంట్రాక్టు మీద కొత్తగా నియమించడమైనది.

అందరూ చప్పట్లు కొట్టారు. టైపిస్టు వచ్చి చెయ్యి పట్టుకుని, "నీ చేతి చలవే" అంది. కార్డులు అప్పటికే వచ్చేశాయి. అటెండరు ఒక్కో కుండీకి ఒక్కో కార్డు ఆనించి పెడుతున్నాడు. ప్రతి కార్డులోనూ కుటుంబ సభ్యుల గడి ఖాళీగా ఉంది.

కొత్తమ్మాయి డిప్యూటీ గారి దగ్గరికి వెళ్లింది.  "మరి నా సంగతండీ?"

"మీ ఫైలు కూడా పెట్టాం తల్లీ. నిజంగా పెట్టాం." ఆయన మనస్ఫూర్తిగానే బాధపడ్డారు. "ఆర్థిక విభాగం ఒప్పుకోలేదు. మొక్కలకైతే చూసిన రోజే సంతకం పెట్టేశారు."

"ఎందుకండీ?"

"అవి జీతం అడగవుగా."

ఆమె కార్డుల వంక చూసింది. ఇంట్లో గుమ్మంలో కూర్చుని తన అడుగుల చప్పుడు కోసం వింటూ ఉండే మనిషి గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకుని అడిగింది. "నేను కూడా జీతం వద్దని రాసిస్తే, నాకు కార్డు ఇస్తారాండీ?"

డిప్యూటీ గారు ఆమె మొహంలోకి పరీక్షగా చూశారు. ఆమె వేళాకోళం ఆడటం లేదు. ఇది చాలా మంచి ప్రతిపాదన అనీ, ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదో అనీ అన్నారు. అర్జీ ఆ రోజే పైకి వెళ్లింది. జీతం వదులుకునే ఈ సదుపాయాన్ని ఆమె ఒక్కదానికే ఎందుకు పరిమితం చెయ్యాలి, కాంట్రాక్టు ఉద్యోగులందరికీ వర్తింపజేస్తే పోదా అన్న కోణంలో పైవారు సానుభూతితో పరిశీలిస్తున్నారు.